నన్నారి పడిన కీబోర్డు: ఆరబెట్టాలా, కడగాలా?

బళ్లారి_చౌరస్తా (కర్నూలు) · సోమవారం 12:40

డీటీపీ సెంటర్లో వాడే మామూలు యూఎస్‌బీ కీబోర్డు, మెంబ్రేన్ రకం (కీల కింద పలుచని ప్లాస్టిక్ షీట్లు ఉండేది). దాని మీద సగం గ్లాసు నన్నారి షర్బత్ ఒలికింది. నిమ్మరసం, సబ్జా గింజలు అన్నీ వేసిందే. ఒలికి గంటన్నర అయింది. తిరగేసి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పెట్టి మళ్లీ తగిలిస్తే పరిస్థితి ఇదీ:

3, ఇ, డి, సి అసలు పడటం లేదు. యు ముట్టుకోకుండానే వరసగా పడిపోతోంది. స్పేస్ బార్ నొక్కితే కిందే ఉండిపోతోంది.

తెలుగు కొట్టడానికి మేం వాడే కీల అమరిక ఇన్‌స్క్రిప్ట్. అందులో డి మీద పొల్లు, షిఫ్ట్‌తో కలిపితే అ. సి మీద మ. అంటే "అమ్మ" అని కొట్టడానికి కావాల్సిన కీలన్నీ పోయాయి. యు మీద హ కాబట్టి స్క్రీనంతా హహహహ అని అదే నవ్వుకుంటోంది. ఎండలో పెడితే సాయంత్రానికి సర్దుకుంటుందా, విప్పాల్సిందేనా?

రబ్బరు_డోమ్ (కర్నూలు) · సోమవారం 12:51

ముందు వైరు పీకండి. ఆరిందేమో చూద్దామని మధ్యమధ్యలో తగిలించి చూస్తారే, అసలు నష్టం అక్కడే జరుగుతుంది. తడి ఒక్కటే అయితే మెంబ్రేన్ తట్టుకుంటుంది. తడికి కరెంటు తోడైతే షీటు మీద అచ్చువేసిన వెండి గీతలు కరిగి, ఒక గీత నుంచి పక్క గీత వైపు పాకుతాయి. విప్పినప్పుడు నల్లటి మచ్చలుగా కనబడేది అదే. నిమ్మరసమో ఉప్పో కలిసిన ద్రవమైతే ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

మీరు చెప్పినవి మూడు వేరే వేరే జబ్బులు. కీబోర్డులో నూటికి పైగా కీలు ఉన్నా, కీకొక వైరు ఉండదు. కొన్ని నిలువు గీతలు, కొన్ని అడ్డ గీతలు, అవి కలిసే చోట ఒక్కో కీ. 3, ఇ, డి, సి చాలా కీబోర్డుల్లో ఒకే నిలువు గీత మీద ఉంటాయి. నాలుగూ ఒక్కసారే పోయాయంటే కీలు చెడలేదు. ఆ గీత ఒకచోట తెగింది, లేదా అది కంట్రోలర్ బోర్డును (ఏ కీ నొక్కారో కంప్యూటరుకు చెప్పే చిన్న బోర్డు) తాకే చోటికి షర్బత్ చేరింది. రెండోదే అయితే మీ అదృష్టం.

యు సంగతి వేరు. దాని కింద షీట్ల మధ్య ఉండే చిల్లులో ద్రవం నిలిచి పై షీటును, కింది షీటును కలిపేస్తోంది. కంప్యూటరుకు అది ఎవరో వేలు తీయకుండా నొక్కుతున్నట్టే. స్పేస్ బార్‌ది ఒట్టి పాకం సమస్య, కరెంటుతో పని లేదు.

విప్పాల్సిందే. ఎండతో నీళ్లు పోతాయి గానీ చక్కెర ఎక్కడికి పోతుంది?

తుంగభద్ర_ఇసుక (కర్నూలు) · సోమవారం 13:05

పై మాటకు కాస్త రసాయన శాస్త్రం. 100 మిల్లీలీటర్ల నీళ్లలో దాదాపు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. ఎలక్ట్రానిక్ భాగాలు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దాదాపు కరగదనే చెప్పాలి. కాబట్టి తీపి పానీయం ఒలికిన చోట నేరుగా ఆల్కహాల్ పోస్తే అది నీళ్లను లాగేసి చక్కెరను అక్కడే గట్టిపరుస్తుంది. ముందు నీళ్లు, తరువాత ఆల్కహాల్. ఈ వరస తిప్పకూడదు.

పాలు కలిసిన టీ, కాఫీలకు కూడా ఇదే వరస. పాలలోని ప్రోటీన్ ఆల్కహాల్ తగిలితే విరిగి ముద్దలు కడుతుంది. వెన్న పోవడానికి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చుక్కలు కలపాలి. మజ్జిగలో ఉప్పూ పులుపూ రెండూ ఉన్నాయి కాబట్టి అన్నింటికన్నా తొందరపడాల్సింది దానికి. కోలాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది నిమ్మరసానికి తీసిపోని పులుపు.

గడియార_స్తంభం (అనంతపురం) · సోమవారం 13:20

మరి శానిటైజర్ వాడొచ్చా అన్నా? అది కూడా ఆల్కహాలే కదా. బియ్యం డబ్బాలో పెట్టమని కూడా చెప్తుంటారు.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · సోమవారం 13:31

శానిటైజర్ వద్దు. చెయ్యి ఎండిపోకుండా అందులో గ్లిజరిన్ వేస్తారు, జెల్ రకమైతే జిగురు కూడా. చక్కెర తీసి గ్లిజరిన్ పూసినట్టు అవుతుంది. మందుల షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్‌లో మిగతాది నీళ్లే, ప్లాస్టిక్ తుడవడానికి సరిపోతుంది. బోర్డుకు మాత్రం ఎలక్ట్రానిక్ స్పేర్ల షాపులో దొరికే 99 శాతందే వాడండి.

గోళ్ల రంగు తుడిచే అసిటోన్ దగ్గరికి కూడా తేవద్దు. కీలు ఎక్కువగా ఏబీఎస్ ప్లాస్టిక్, అసిటోన్‌కు కరిగిపోతాయి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా అంతే. నూనె షీట్ల మధ్యకు చేరితే ఇక వదలదు, దుమ్ము కూడా పట్టుకుంటుంది.

బియ్యం గురించి ఒక్క మాట: బియ్యం కీబోర్డు లోపలి నీళ్లను లాగదు. తవుడు, పిండి మాత్రం లోపలికి పోతాయి. బియ్యం వండుకోవడానికి.

నిర్వాహకులు · సోమవారం 13:34

బియ్యం మీద వచ్చిన మరో నాలుగు జవాబులు తీసేశాం. ఆ చర్చ ఇక్కడితో సరి.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · సోమవారం 14:10

విప్పే పద్ధతి. తొందరపడితే చెడేది ఇక్కడే కాబట్టి వివరంగా రాస్తున్నా.

పైనుంచి ఫోటో తీసుకోండి, కీల వరస తర్వాత గుర్తుండదు. బోర్లా పెట్టి వెనక స్క్రూలు తీయండి. కంపెనీ లేబుల్ కింద ఒకటి, రబ్బరు కాళ్ల కింద ఒకటి దాగి ఉండొచ్చు. అన్నీ తీసినా రాకపోతే బలం పెట్టకుండా లేబుల్‌ను వేలితో నొక్కి చూడండి, గుంట తగులుతుంది. తర్వాత అంచుల్లో క్లిప్పులు. పాత ఏటీఎం కార్డు ఒకటి మధ్యలో జొప్పించి లాగుతూ రండి. స్క్రూడ్రైవర్‌తో తిప్పితే క్లిప్పు విరుగుతుంది.

కీబోర్డును బోర్లానే ఉంచి వెనక మూత ఎత్తాలి. ఎందుకంటే కొన్నింటిలో రబ్బరు డోములు (నొక్కిన కీని మళ్లీ పైకి లేపేవి) ఒకే షీటుగా ఉండవు, విడివిడి బుడిపెలుగా ఉంటాయి. తలకిందులు కాకుండా తెరిస్తే నూరు బుడిపెలు నేల మీద ఏరుకోవాలి.

లోపల మూడు పలుచని పాలిస్టర్ షీట్లు ఉంటాయి. పైదాని మీదా కిందిదాని మీదా వెండి గీతలు, మధ్యదానికి ఒట్టి చిల్లులు. కొన్నింటిలో ఒకే షీటును మడత పెట్టి ఉంటారు, మడత దగ్గర లాగొద్దు. కొన్నింటిలో అక్కడక్కడా అతికించి ఉంటారు, అక్కడ నీళ్లతో తడిపి మెల్లగా విడదీయాలి. షీట్లు విడదీయకుండా బయట బయట తుడిస్తే లాభం లేదు. సన్నని సందులోకి పాకిన ద్రవం మూడు రోజులైనా బయటికి రాదు.

కంట్రోలర్ బోర్డు రెండు మూడు స్క్రూలతో, ఒక బద్దె నొక్కుడుతో షీటు చివరను పట్టుకుని ఉంటుంది. అక్కడ సోల్డరింగ్ ఏమీ ఉండదు, షీటు మీది నల్లటి కార్బన్ పట్టీలు బోర్డు మీది పట్టీలకు ఒత్తుకుని ఉంటాయి, అంతే. మీ 3-ఇ-డి-సి జబ్బుకు ముందు చూడాల్సింది ఇక్కడే.

కడగడం: కీలు, ప్లాస్టిక్ మూతలు బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, గిన్నెల ద్రవం కొంచెం వేసి అరగంట నానబెట్టండి. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు. సబ్జా గింజల చుట్టూ ఉండే జిగురు ఆరితే గోందులా పట్టేస్తుంది. గీకొద్దు, మళ్లీ నానితే అదే జారిపోతుంది. కీ దిగే గొట్టాల్లో ఒక్క గింజ మిగిలినా ఆ కీ సగంలో ఆగుతుంది. రబ్బరు డోము షీటుకూ ఇదే స్నానం.

పాలిస్టర్ షీట్లను మాత్రం బకెట్లో వేయొద్దు. చదునైన బల్ల మీద పరిచి, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి నూలు గుడ్డను అద్దుతూ పోండి. రుద్దితే చవక షీట్ల మీది గీతలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. రెండుసార్లు గుడ్డ మార్చి, చివరిసారి శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేసి, నిలువుగా ఆనించి పెట్టండి. షీట్ల మీద ఆల్కహాల్ అవసరం లేదు. బోర్డుకు మాత్రం నీటితో తుడిచాక 99 శాతం ఆల్కహాల్, మెత్తటి టూత్‌బ్రష్.

స్పేస్ బార్, ఎంటర్, షిఫ్ట్‌ల కింద వంకర ఇనుప తీగ ఉంటుంది. తీగను ఊడదీయకపోతే కీ రాదు, గుంజితే కొక్కెం విరుగుతుంది. కడిగితే దాని తెల్ల గ్రీజు పోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు తీగ చివర్లకు సిలికాన్ గ్రీజు చిటికెడు రాస్తే చాలు. కొబ్బరి నూనె రాయకండి, నాలుగు నెలల్లో జిగురు పడుతుంది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) · సోమవారం 14:32

నాలుగైదు వందలకు కొత్తది వస్తుంటే ఇంత శ్రమ ఎందుకని అడుగుతున్నా, తప్పుగా అనుకోకండి.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · సోమవారం 14:40

న్యాయమైన ప్రశ్నే. షీటు మీద గీతలు రెండు మూడు చోట్ల తెగి ఉంటే నేను కూడా కొత్తది కొనమనే చెప్తా. ఒలికిన రోజే విప్పితే మాత్రం సగానికి సగం కేసుల్లో గంట పనితో పోతుంది. తెలుగు అక్షరాలు అచ్చువేసిన కీలున్న కీబోర్డు అయితే ఆ గంట పెట్టొచ్చు, అలాంటిది అడిగిన రోజే దొరకదు.

గడియార_స్తంభం (అనంతపురం) · సోమవారం 15:02

డిస్టిల్డ్ వాటర్ కోసం మళ్లీ తిరగడం ఎందుకు, ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు చాలవా?

తుంగభద్ర_ఇసుక (కర్నూలు) · సోమవారం 15:15

కీలకు, మూతలకు కొళాయి నీళ్లైనా సరే. షీట్లకు, బోర్డుకు వద్దు. ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు కొంత మిగిలే ఉంటాయి. మీ అనంతపురం బోరు నీళ్లైతే చెప్పేదే లేదు, ఫ్లోరైడుకూ కాఠిన్యానికీ పేరుపడ్డవి. ఆ నీళ్లు ఆరిన చోట మిగిలే తెల్లపొర చెమ్మ తగిలితే కరెంటును పంపుతుంది.

బ్యాటరీ షాపుల్లో, కొన్ని పెట్రోల్ బంకుల్లో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. బ్యాటరీ వాటర్ అని అడగండి, సీసా మీద ఏం రాసి ఉందో చదివి తీసుకోండి. యాసిడ్ క్యాను కూడా అక్కడే పక్కన ఉంటుంది. ఒక కీబోర్డుకు లీటరు చాలు, ఇంకా మిగులుతుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు కూడా అలాంటివే అంటారు గానీ, అవి కాయిల్ మీది దుమ్మును కడుక్కుని వస్తాయి. వద్దు.

సీసం_తీగ (అనంతపురం) · సోమవారం 15:48

ఎండ సంగతి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. మే నెల మిద్దె మీద పెట్టిన నల్ల ప్లాస్టిక్ గాలి కన్నా శానా ఎక్కువ వేడెక్కుతుంది. పాలిస్టర్ షీటు 70, 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. ఒకసారి అల లాగా వంగిందంటే కొన్ని కీలు తాకవు, కొన్ని ఎప్పుడూ తాకే ఉంటాయి. హెయిర్ డ్రయర్ వేడి గాలితో కూడా ఇదే గతి, చల్లగాలి పెట్టి వాడుకోవచ్చు.

నీడ, ఫ్యాను, అంతే. మన సీమ గాలిలో వేసవిలో చెమ్మ తక్కువ, విడదీసిన షీట్లు మూడు నాలుగు గంటల్లో ఆరిపోతాయి. కీలు మాత్రం రాత్రంతా ఉంచండి, వాటి లోపలి గొట్టాల్లో చుక్క నిలబడుతుంది.

ఏడురోడ్లు (కడప) · సోమవారం 16:20

ఇదే సందర్భంలో లాప్‌టాప్ మీద టీ పడితే ఏం చేయాలో కూడా రాస్తారా? అది ఇట్లా విప్పేసి బకెట్లో వేసేది కాదు కదా.

సీసం_తీగ (అనంతపురం) · సోమవారం 16:55

కాదు. అక్కడ కీబోర్డు పోవడం చిన్న విషయం, కింద ఉన్నది మదర్‌బోర్డు.

ఛార్జర్ పీకాలి. పవర్ బటన్‌ను పది సెకన్లు వదలకుండా నొక్కి పట్టి ఆపాలి. షట్‌డౌన్ మెనూ కోసం మౌస్ వెతుక్కోవద్దు, ఫైలు సేవ్ చేసుకుంటానని కూర్చోవద్దు. తర్వాత మూత పూర్తిగా తెరిచి, కీబోర్డు కిందికి చూసేటట్టు బల్ల అంచున గుడారంలా బోర్లించాలి. అటూ ఇటూ ఊపితే కీబోర్డు పళ్లెంలో ఆగిన ద్రవం కూడా బోర్డు మీదికి పోతుంది.

ఇక్కడితో పని అయిందనుకునేవాళ్లే ఎక్కువ. లాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తగిలి ఉన్నంతసేపూ బోర్డు మీద కొన్ని లైన్లలో 3.3 వోల్టులు నిలిచే ఉంటాయి. పవర్ బటన్ నొక్కుడును కనిపెట్టే చిప్పు ఎప్పుడూ మేలుకునే ఉండాలి కదా. కాబట్టి రెండు రోజులు ఆరబెట్టినా ఆ రెండు రోజులూ తుప్పు నడుస్తూనే ఉంటుంది. వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టరును పీకాలి. అది చేతకాకపోతే ఆ రోజే చిప్ లెవెల్ పని చేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోవాలి, వారం తరువాత కాదు.

బోర్డు మీదికి ద్రవం చేరిందో లేదో తెలుసుకోవడానికి: స్క్రూల దగ్గర తెల్లటి చిన్న స్టిక్కర్లు ఉంటే చూడండి, తడిస్తే ఎర్రబడతాయి. కీబోర్డు కేబుల్ కనెక్టరు, స్క్రీన్ కేబుల్ కనెక్టరు, ఛార్జింగ్ పిన్ను చుట్టుపక్కల తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే అక్కడికి చేరినట్టే. బోర్డును బయటికి తీసి, ముందు డిస్టిల్డ్ వాటర్, తర్వాత 99 శాతం ఆల్కహాల్‌తో బ్రష్ చేస్తారు. చిప్పుల అడుగుకు బ్రష్ పోదు కాబట్టి మంచి షాపుల్లో అల్ట్రాసోనిక్ తొట్టి వాడతారు. ఫ్యాను, స్పీకర్లు ముందే తీసేయాలి, హీట్ సింక్ తీశాక థర్మల్ పేస్టు కొత్తది వేయాలి.

వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. మామూలు వారంటీలో ద్రవం పడిన నష్టం ఉండదు, ప్రమాద రక్షణ పథకం విడిగా కొనుక్కుని ఉంటేనే.

ఏడురోడ్లు (కడప) · సోమవారం 17:10

బోర్డుకు ఏమీ కాలేదు, కీబోర్డు మాత్రమే పోయిందనుకుందాం. దాని కేబుల్ పీకేసి యూఎస్‌బీ కీబోర్డుతో నడిపించొచ్చా?

సీసం_తీగ (అనంతపురం) · సోమవారం 17:24

నడిపించొచ్చు, ఒక్క మెలికతో. పవర్ బటన్ యాడుందో చూడండి. ఇప్పటి మోడళ్లు చాలావాటిలో అది కీబోర్డులోనే ఒక కీ. కేబుల్ పీకితే ఆన్ చేసే దారే ఉండదు. బటన్ విడిగా ఉన్నవాటికైతే కేబుల్ పీకడమే మంచిది. లేదంటే లోపల ఇరుక్కున్న కంట్రోలో షిఫ్టో పాస్‌వర్డ్ కూడా కొట్టనివ్వదు. ఆ కేబుల్ పీకేటప్పుడు కనెక్టరు మీద సన్నని రెక్క ఉంటుంది. ముందు దాన్ని గోటితో లేపాలి. లేపకుండా గుంజితే కనెక్టరు విరుగుతుంది, అప్పుడు ఖర్చు కీబోర్డుది కాదు, బోర్డుది.

అత్యవసరానికి విండోస్‌లో తెర మీది కీబోర్డు ఉంది: విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. లాగిన్ తెర మీద కూడా మూలన ఆ గుర్తు ఉంటుంది. ఒకటి రెండు కీలే పోయినప్పుడు మైక్రోసాఫ్ట్ ఉచిత ప్రోగ్రాం పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్‌తో వాడని కీని వాటికి అప్పగించొచ్చు.

మార్పించాలంటే రెండు రకాలు. పాత మోడళ్లలో కీబోర్డు విడిగా స్క్రూలతో వస్తుంది, పావుగంట పని. కొత్తవాటిలో అరచేతులు ఆనించే ప్లాస్టిక్ మూతకు కీబోర్డును పదుల కొద్దీ ప్లాస్టిక్ రివెట్లతో కరిగించి అతికిస్తారు. రివెట్లు కోసి కీబోర్డు మార్చి, మొదళ్లను సోల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించి నొక్కడం ఒక పద్ధతి. చవక, కానీ చేసే చెయ్యి బాగుండాలి. రివెట్లు తక్కువైతే టైపు చేస్తుంటే మధ్యలో కీబోర్డు మంచంలా ఊగుతుంది. రెండోది సి ప్యానెల్, అంటే కీబోర్డు అతికి ఉన్న ఆ మూత, మొత్తం మార్చడం. ఖర్చు ఎక్కువ, పని గట్టిది. షాపులో బేరమాడే ముందు ఏది చేస్తున్నారో అడగండి.

లాప్‌టాప్ కీబోర్డు లోపలి షీట్లను కడగొచ్చా అని ఎవరైనా అడగకముందే: వాటిని రేకుకు అతికించేసి ఉంటారు, విడదీస్తే మళ్లీ కూడవు.

మీట_మోత (కడప) · సోమవారం 19:30

మెకానికల్ కీబోర్డు (కీకొక విడి స్విచ్ ఉండేది) వాళ్లకు నాలుగు మాటలు. వైర్‌లెస్‌ది అయితే ముందు స్విచ్ ఆపి, సెల్లులుంటే తీసేయండి. కీలు లాగే తీగ పనిముట్టుతో తడిసిన ప్రాంతం చుట్టూ రెండు వరసలు ఎక్కువే పీకండి, ద్రవం స్విచ్‌లు బిగించిన ప్లేటు మీద పాకుతుంది.

స్విచ్‌లు ఊడదీసే రకమైతే పని తేలిక. తడిసిన స్విచ్‌ను డిస్టిల్డ్ వాటర్ గిన్నెలో ముంచి నలభై యాభైసార్లు నొక్కండి, నీళ్లు మార్చి మళ్లీ. తర్వాత ఆల్కహాల్‌లో అదే పని. తలకిందులుగా ఒక రోజు ఆరనివ్వండి. లోపలి గ్రీజు పోతుంది, శబ్దం కొంచెం మారుతుంది.

సోల్డర్ చేసిన రకమైతే స్విచ్ తలను పక్కనుంచి నొక్కి తెరిచి లోపలి రాగి రేకును తుడవొచ్చు, కానీ ప్లేటు ఆ సందు ఇవ్వాలి. లేదంటే 330 డిగ్రీల దగ్గర సీసం పీల్చి తీయాలి. 380కి పెంచి ఎక్కువసేపు ఆనిస్తే బోర్డు మీది రాగి పట్టీ ఊడొస్తుంది.

ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే అది స్విచ్‌లోని రేకు మురికి. అసలు పడకపోతే స్విచ్ కాళ్లు రెండూ ఒక ట్వీజర్‌తో కలిపి చూడండి. అప్పుడు పడితే తప్పు స్విచ్‌ది, అప్పుడూ పడకపోతే కరెంటును ఒకవైపే పోనిచ్చే ఆ కీ డయోడ్‌నో పట్టీనో చూడాలి. మీటర్ డయోడ్ రేంజిలో మంచి డయోడ్ ఒకవైపు 0.5 నుంచి 0.7 దాకా చూపిస్తుంది, రెండోవైపు ఏమీ చూపించదు. మార్చేటప్పుడు గీత ఉన్న వైపు పక్కదాని లాగానే పెట్టాలి.

అందరూ మరిచిపోయేది లోపలి ఫోమ్. బోర్డు కింద శబ్దం తగ్గడానికి వేసిన స్పంజి ఒలికిన టీని పీల్చుకుని రోజుల తరబడి చెమ్మ వదులుతుంది. దాన్ని తీసి పిండి విడిగా ఆరబెట్టాలి, బాగా వాసన వస్తే పారేయడమే.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు) · మంగళవారం 10:15

విప్పి, చెప్పిన వరసలో కడిగి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచాం. స్పేస్ బార్ లేస్తోంది. యు ఆగింది, హహహ లేదు. 3, ఇ, డి, సి మాత్రం అలాగే ఉన్నాయి. కార్బన్ పట్టీల దగ్గర శుభ్రంగానే ఉంది, స్క్రూలు కూడా బిగించాం. పై షీటులో డి దాటాక ఒకచోట గీత మీద మిరియపు గింజంత నల్ల మచ్చ ఉంది.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · మంగళవారం 10:28

అదే తెగిన చోటు కావచ్చు. మీటరుతో నిర్ధారించుకోండి. బీప్ రేంజి పెట్టొద్దు. వెండి సిరా గీతకు రాగి తీగకన్నా నిరోధం ఎక్కువ, కార్బన్ పట్టీ కలిస్తే ఇంకా ఎక్కువ. బాగున్న గీత కూడా బీప్ కొట్టక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. 2 కిలో ఓమ్‌ల రేంజి పెట్టి, ముందు పక్కన బాగున్న గీతను కొలవండి. తర్వాత దీన్ని మచ్చకు ఇటూ అటూ కొలవండి. ముల్లుతో గుచ్చకుండా, ముల్లు పక్కవాటం ఆనించండి, సూదిమొన గీతను గీకేస్తుంది.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు) · మంగళవారం 10:50

పక్క గీత 60 ఓమ్‌ల దాకా చూపిస్తోంది. దీనికి మచ్చ దాటితే ఏమీ లేదు. సోల్డర్ చుక్క వేయొచ్చా?

సీసం_తీగ (అనంతపురం) · మంగళవారం 10:53

వద్దు! ఐరన్ ఆనగానే షీటుకు చిల్లు పడుతుంది. పాలిస్టర్ 250 డిగ్రీల చిల్లర దగ్గరే కరుగుతుంది.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · మంగళవారం 11:06

వెండి పెయింట్ వాడాలి. కండక్టివ్ సిల్వర్ పెన్ అని, చిన్న సీసాల్లో పెయింట్ అని దొరుకుతుంది. కర్నూలులో దొరకకపోతే ఆన్‌లైనే. కారు వెనక అద్దం మీది వేడి గీతలు బాగుచేసే పెయింట్ కూడా ఇదే పని చేస్తుంది. పెన్సిల్ లెడ్ రుద్దితే చాలని వీడియోల్లో చూపిస్తారు, దాని నిరోధం వేలల్లోకి పోతుంది, రెండు రోజులకు రాలిపోతుంది.

నల్లబడిన భాగాన్ని తడి దూదిపుల్లతో అద్ది, పొడి రాలేదాకా మాత్రమే తీయండి. మచ్చకు రెండు పక్కలా మెరిసే వెండి ఒక మిల్లీమీటరైనా కనబడాలి. గీతల మీద రంగు పూత ఉంటే అంతమేరకు బ్లేడు అంచుతో చాలా తేలిగ్గా గీరండి, కోయొద్దు. అటూ ఇటూ ఉన్న గీతలను సెల్లో టేపుతో కప్పేయండి. సీసాను బాగా ఊపి, టూత్‌పిక్ కొనతో పలుచగా ఒక పూత, ఆరాక ఇంకొకటి. ఒకేసారి మందంగా వేస్తే ఆరినప్పుడు పగులుతుంది. టేపు పెయింట్ పూర్తిగా గట్టిపడకముందే తీసేయండి, లేకపోతే అంచులు లేచొస్తాయి.

ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, నమ్మొద్దు. ఒక రోజు వదిలేయండి. మళ్లీ కొలిస్తే పక్క గీతకు దగ్గరగా రావాలి. ఆ చోట మధ్య షీటు చిల్లు లేదు కదా, చూసుకోండి. చిల్లు ఉన్న చోట పెయింట్ వేస్తే కింది షీటును తాకి కీ నొక్కుకునే ఉంటుంది.

తుంగభద్ర_ఇసుక (కర్నూలు) · మంగళవారం 11:40

ఇంకొకటి. సగం కడిగి, పనిచేస్తోంది కదా అని మూసేసిన కీబోర్డులు జులై, ఆగస్టుల్లో మళ్లీ చెడతాయి. చక్కెరకు, ముఖ్యంగా షర్బత్ పాకానికి, గాలిలో చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. మే నెల ఎండలో గాజులా గట్టిపడి ఊరుకుంటుంది, వానలు పడగానే మెత్తబడి మళ్లీ కరెంటును పంపుతుంది. మూసే ముందు పై, కింది షీట్ల లోపలి ముఖాలను పొడి వేలితో ఒక్కసారి తాకి చూడండి. వేలు రోంత అంటుకున్నా మళ్లీ కడగాల్సిందే.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు) · గురువారం 12:05

పెయింట్ బుధవారం పొద్దున వేసి ఈ రోజు కొలిస్తే 70 ఓమ్‌లు. మూసి తగిలించాం. "అమ్మ" పడుతోంది. 3, ఇ కూడా. ఎఫ్ వరస నుంచి కింది దాకా టెస్టర్ పేజీలో అన్నీ పచ్చబడ్డాయి. ఒక్కటే: క్యాప్స్ లాక్ పనిచేస్తోంది గానీ దాని లైటు కనబడటం లేదు.

రబ్బరు_డోమ్ (కర్నూలు) · గురువారం 12:12

ఎల్‌ఈడీ కంట్రోలర్ బోర్డు మీద ఉంటుంది. వెలుగు పైకి రావడానికి మూతకు గోరంత పారదర్శక ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి ఉంటుంది. కడిగేటప్పుడు అది ఊడి ఉంటుంది. బకెట్ అడుగున చూడండి.

బళ్లారి_చౌరస్తా (కర్నూలు) · గురువారం 12:20

బకెట్లోనే ఉందన్నా. సబ్జా గింజల్లో కలిసిపోయింది.